గట్టు మీద కాపలా ఎవరు?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వేసవి సెలవులు వచ్చాయంటే మన సికిందరాబాదు ఇళ్ళల్లో పిల్లలది ఒకటే గోల. "అమ్మా, నీళ్ళున్న చోటికి ఎక్కడికైనా వెళ్దామే!" అని. మన ఊరికి సముద్రం లేదు. హుస్సేన్ సాగర్ ఉందంటే ఉంది గాని, అది చూసి రావడానికే, దిగడానికి కాదు. అందుకని నాలుగిళ్ళవాళ్ళం కలిసి ఓ చిన్న బస్సు మాట్లాడుకుని ఏ కృష్ణ ఒడ్డుకో, గోదావరి ఒడ్డుకో వెళ్తాం. లేదంటే రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి బాపట్లలో దిగి, అక్కడికి పది కిలోమీటర్లయినా లేని సూర్యలంక సముద్రానికి వెళ్తాం. పగలంతా ఇసుకలో, నీళ్ళలో గడిపి మళ్ళీ రాత్రికి తిరుగుముఖం పడతాం.

బయలుదేరే ముందు మన ఏర్పాట్లు చూడాలి మరి! పులిహోర ఒకరిది, పెరుగన్నం ఒకరిది, అరిటాకులు, చాపలు ఇంకొకరివి. మంచినీళ్ళ క్యాన్లు ఎవరు మొయ్యాలి, మందుల సంచి ఎవరి దగ్గరుండాలి, పెద్దావిడకి కుర్చీ ఎవరు తేవాలి, అన్నీ ముందురోజే తేలిపోతాయి. ఏదీ మరచిపోం. ఒక్క సంగతి తప్ప. మనం వెళ్ళేది నీళ్ళ కోసం కదా, ఆ నీళ్ళ సంగతి తెలిసినవారు మన జట్టులో ఎవరు? ఈ ప్రశ్న వేసేవాళ్ళు చాలా తక్కువ.

అక్కడికి వెళ్ళాక ఏమవుతుందో మీకు తెలిసిందే. మగవాళ్ళు, పిల్లలు బిలబిలా నీళ్ళలోకి దిగిపోతారు. మనం గట్టు మీద కూర్చుంటాం. ఒళ్ళో వాచీలు, కళ్ళజోళ్ళు, సెల్‌ఫోన్లు. పక్కన విప్పిన బట్టలు, చెప్పులు. వీటన్నిటికీ కాపలా మనమే. మహా అయితే సాయంత్రం పూట చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని పాదాలు తడుపుకుని వస్తాం. "సముద్ర స్నానం చేశావా?" అని అత్తగారు అడిగితే, "ఆఁ, చేశానండీ" అంటాం!

ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఈ రెండు సంగతుల గురించే. నీళ్ళు తెలిసిన మనిషి వెంట లేకుండా నీళ్ళ దగ్గరికి వెళ్ళకూడదన్నది ఒకటి. గట్టు మీద కాపలా ఉండడమే మన వంతు కాదన్నది రెండు.

ముందుగా మిమ్మల్ని కాస్త దూరం తీసుకువెళ్తాను. బ్రెజిల్ దేశంలో, ఈశాన్యపు కొసన, మరన్యావ్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున డెబ్బై కిలోమీటర్ల మేర తెల్లటి ఇసుక కొండలు. ఆ ప్రాంతాన్ని 'లెన్సోయిస్' అంటారు. అంటే ఏమిటనుకున్నారు? పక్క దుప్పట్లు! మేడ మీద తెల్ల దుప్పట్లు ఆరేస్తే గాలికి ఎలా ముడతలు ముడతలుగా లేస్తాయో, పైనుంచి చూస్తే ఆ ఇసుక అలాగే ఉంటుందట. పేరు పెట్టినవారెవరో గాని, మన ఇళ్ళల్లో బట్టలు ఆరేసిన మనిషే అయి ఉండాలి. 1981లో ఆ దేశం దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. 2024 జూలైలో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలోకి ఎక్కింది. ఆ నిర్ణయం జరిగిన సమావేశం మన ఢిల్లీలోనే!

ఇసుక కొండలు రాజస్థాన్‌లోనూ ఉన్నాయి కదా, ఇందులో వింత ఏమిటంటారా? ఈ కొండల మధ్య పల్లాల్లో, ప్రతి వానాకాలం, వేలకొద్దీ మంచినీటి మడుగులు పుట్టుకొస్తాయి. కొన్ని నీలంగా, కొన్ని పచ్చగా, అడుగున ఇసుక కనిపించేంత తేటగా. ఆ నీళ్ళు ఎక్కడివో చెబితే మీకు ఇట్టే అర్థమవుతుంది. వేసవిలో ఏటి ఇసుకలో చెలమ తీస్తాం చూడండి. చేత్తో జానెడు లోతు తవ్వగానే తేట నీళ్ళు ఊరతాయి. ఎందుకంటే ఇసుక కింద నీరు ఎప్పుడూ ఉంటుంది. బ్రెజిల్‌లో ఆ చోటా అంతే. జనవరి మొదలు అయిదారు నెలల పాటు అక్కడ గట్టి వానలు. ఇసుక కింద నీటి మట్టం పైకి లేచి, గాలి తవ్విన పల్లాలన్నిటా ఊరుతుంది. ఎవరూ తవ్వని చెలమలన్నమాట. వానలు వెనకబట్టాక ఒక్కొక్కటే ఇంకుతూ, ఎండుతూ వస్తాయి. ఏడాది చివరికి చాలా మడుగులు ఉండవు. మళ్ళీ వానలకు మళ్ళీ పుట్టాల్సిందే.

ఆ మడుగుల్లో ఈతకు ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. బారెరిన్యాస్ అనే ఊళ్ళో దిగి, ఒక పగటి యాత్రకు పేరు ఇచ్చుకుంటారు. జీపులాంటి ఎత్తు బండ్లు వాళ్ళను ఎక్కించుకుని, ఫంటు మీద నది దాటి, ఇసుక దారిలో ఎగిరెగిరి పడుతూ కొండల అంచు దాకా వెళ్తాయి. అక్కడితో బండి ఆగిపోవాలి. ఎవరి బండి పడితే వారి బండిని ఉద్యానవనంలోకి రానివ్వరు. అక్కడినుంచి చెప్పులు విప్పి, దారి చూపేవాడి వెనకాల నడక.

దారి చూపేవాడు ఎందుకు? మడుగులు కళ్ళకు కనిపిస్తూనే ఉన్నాయి కదా అనకండి. అక్కడ ఇసుక నిలకడగా ఉండదు. గాలి దాన్ని ఏడాది పొడవునా తోస్తూనే ఉంటుంది. నిరుడు మడుగు ఉన్నచోట ఈ ఏడు ఇసుక దిబ్బ ఉండవచ్చు. నిరుడు నడుము లోతున్నది ఈ ఏడు నిలువు లోతు కావచ్చు. ఏ కొండ చూసినా ఒకేలా ఉంటుంది, గుర్తు పెట్టుకుందామంటే చెట్టూ చేమా లేదు. ఈ నెలలో ఏ మడుగులో నీళ్ళున్నాయి, ఎటువైపు జారుడు తక్కువ, పిల్లలు దిగడానికి ఏది మంచిది, పొద్దు వాలేలోగా ఏ దారిన వెనక్కి తిరగాలి, ఇవన్నీ అక్కడే పుట్టి పెరిగినవాడికి తెలుస్తాయి. డబ్బిచ్చి తెచ్చుకునేది దారిని కాదు, ఈ తెలివిని. అలా వెళ్ళిన ఆడవాళ్ళు, ముసలమ్మల దగ్గరినుంచీ, నీళ్ళలో వెల్లకిలా తేలుతూ ఆకాశం చూస్తారు.

అంత దూరం మనం పోగలమా, పోలేమా అన్నది కాదు ప్రశ్న. ఆ పద్ధతి మన దగ్గర ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

మనకూ ఇసుక ఉంది, మడుగులూ ఉన్నాయి. వేసవిలో కృష్ణ, గోదావరి, పెన్న, మంజీర, మానేరు, ఏ ఏరు చూసినా మైళ్ళ కొద్దీ ఇసుక తిన్నెలు, నడుమ నడుమ మడుగులు. మన అమ్మమ్మలు ఆ మడుగుల్లోనే స్నానాలు చేశారు. వాళ్ళకు ఏ రేవు ఎంత లోతో తెలుసు. కాని ఇప్పటి ఏరు వేరు. ఇళ్ళు కట్టడానికి ఇసుకను యంత్రాలతో తోడేస్తున్నారు. తోడినచోట రెండు నిలువుల గోతులు పడతాయి. పైన నీళ్ళు చేరాక గోయి ఏదో, చదును ఏదో తెలియదు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు ఒక్క అడుగు ముందుకు వేస్తే మునిగిపోతాడు. వేసవి సెలవుల్లో పేపరు తిరగేస్తే ఇలాంటి వార్త కనబడని వారం అరుదు. బ్రెజిల్‌లో పల్లాన్ని గాలి తవ్వితే, ఇక్కడ మనిషి తవ్వాడు. నిరుటి లోతు ఈ ఏడు లోతు కాదన్న మాట మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంకో సంగతి. ఏటికి నీళ్ళు మనం చూస్తున్న చోటినుంచే రావు, పైనుంచి వస్తాయి. 2014 జూన్ 8న జరిగింది మన జంటనగరాల్లో ఎవరూ మరచిపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రకు వెళ్ళి, బియాస్ నదిలో బండరాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నీళ్ళు పల్చగా పారుతున్నాయి. పైన లార్జి డ్యాము దగ్గర గేట్లు ఎత్తారు. చూస్తుండగానే ఏరు పొంగింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వెంట వచ్చిన యాత్ర ఏర్పాట్ల మనిషి కూడా పోయాడు. పిల్లల తప్పు అనడానికి లేదు. అది డ్యాము కింది ఏరనీ, క్షణంలో పొంగుతుందనీ వేళకు చెప్పగలిగినవారు వాళ్ళ పక్కన లేకపోయారు. బస్సు ఏర్పాటు చేసే మనిషి వేరు, నీళ్ళు తెలిసిన మనిషి వేరు. ఈ తేడా మనం గట్టిగా గుర్తు పెట్టుకోవాలి.

మరి సముద్రం? సూర్యలంకలో పిల్లలు భయపడేది పెద్ద అలను చూసి. నిజానికి భయపడవలసింది అలను కాదు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా. అవి ఒకచోట చేరి పాయలా లోపలికి లాగుతాయి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, నడుమ ఒకచోట మాత్రం అల విరగకుండా నీళ్ళు నల్లగా, నున్నగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు "ఇక్కడ నెమ్మదిగా ఉంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు! లాగేది అదే. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, బలమంతా పోతుంది. ఒడ్డుకు సమానంగా పక్కకు జరుగుతూ పాయ దాటి, అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్ళు కంగారుపడి చేతులు కొట్టుకోకుండా వెల్లకిలా తేలడానికి చూస్తూ, ఒక చెయ్యి పైకెత్తి కేక వెయ్యాలి. ఇవన్నీ చదువుకున్నవాళ్ళకన్నా అక్కడి వలలవాళ్ళకు బాగా తెలుసు.

పులికాట్ సరస్సు సంగతీ చెప్పాలి. చిలికా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దానికీ నడుమ శ్రీహరికోట ఇసుక దీవి అడ్డం. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యనుంచే పోతుంది. చలికాలంలో వెళ్తే గులాబి రంగు రాజహంసలు బారులు తీరి కనిపిస్తాయి. కాని అది పక్షుల రక్షిత ప్రాంతం. అక్కడ మన స్నానాలు కుదరవు, కుదరకూడదు కూడా. అలాగే భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళ నాటి ఇసుక అది, గాలీ వానా చెక్కిన అందం. చూసి రావాలి, తవ్వి రాకూడదు. నీళ్ళు కనబడ్డ ప్రతిచోటా దిగాలని లేదు. కొన్ని చూడడానికి, కొన్ని దిగడానికి. ఏది ఎందుకో తెలియడమే తెలివి.

సరే, ఈసారి యాత్రకు పులిహోర పంపకాలతోపాటు ఈ నాలుగు ఏర్పాట్లు కూడా చెయ్యండి.

మొదటిది, నీళ్ళ మనిషి. వెళ్ళేచోట పడవ నడిపేవారినో, వల వేసేవారినో ముందుగా మాట్లాడుకోండి. మన బస్సు ఖర్చులో వారి రోజు కూలి ఎంత? "బాబూ, ఇక్కడ ఇసుక తోడారా? ఈ మధ్య ఎవరైనా మునిగారా? పైన డ్యాము ఉందా? నీళ్ళు వదిలే ముందు సైరన్ వేస్తారా? ఎక్కడిదాకా దిగవచ్చు?" అని అడగండి. ఆయన వద్దన్నచోట మన ఇంటి మగవాళ్ళు "ఏం ఫరవాలేదు" అంటే వినకండి. ఆ ఒక్క రోజుకు ఆయన మాటే మాట.

రెండవది, లెక్క. పిల్లలను ఇద్దరిద్దరిగా జతలు కట్టండి. ఒకరు కనబడకపోతే రెండోవారు వెంటనే చెప్పాలి. పదిమంది పెద్దవాళ్ళు గట్టున ఉన్నారంటే పదిమందీ చూస్తున్నారని కాదు, ఎవరూ చూడటంలేదని అర్థం. అందుకని వంతులు వెయ్యండి. అరగంట మీరు, అరగంట మీ ఆయన, అరగంట ఆడపడుచు. వంతులో ఉన్నవారి చేతిలో ఫోను ఉండకూడదు. మునిగేవాళ్ళు సినిమాల్లోలాగా కేకలు వెయ్యరు. ఊపిరికే చాలదు, కేకకు ఎక్కడిది? చప్పుడు లేకుండా పోతారు.

మూడవది, బట్టలు. ఆరు గజాల చీర తడిస్తే ఎంత బరువో ఉతికే చేతులకు చెప్పనక్కరలేదు. అది కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళే కదలలేరు. నీళ్ళలో దిగేటప్పుడు పైజమా, పొట్టి చొక్కా లాంటివి వేసుకోండి. ఎవరేమనుకుంటారోనన్న బెరుకు కన్నా ప్రాణం విలువైనది.

నాలుగవది, ఒక పొడవాటి తాడు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను. మునిగేవాళ్ళకు అది విసిరితే పట్టుకుని తేలతారు. వాళ్ళను పట్టుకోవాలని ఈత రానివాళ్ళు దూకితే ఒకరి బదులు ఇద్దరు పోతారు. చేతికి ఏది దొరికితే అది అందించండి. తమిళనాడు పెరంబలూరు జిల్లాలో, కొట్టరై ఆనకట్ట దగ్గర, 2020 ఆగస్టులో నలుగురు కుర్రవాళ్ళు మునిగిపోతుంటే, అక్కడున్న ముగ్గురు ఆడవాళ్ళు తాము కట్టుకున్న చీరలు విప్పి విసిరారు. ఇద్దరు ఆ చీరలు పట్టుకుని బతికారు. సిగ్గా, ప్రాణమా అని వాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వాళ్ళకు మనమంతా చేతులెత్తి మొక్కాలి.

మునిగినవారిని బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చెయ్యకండి. చదునుగా పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదండి, రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కండి. ఒకరు ఈ పనిలో ఉండగానే ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. ఈ పద్ధతి ఎవరైనా డాక్టరు దగ్గరో, నర్సు దగ్గరో ఒకసారి చేసి చూపించమని నేర్చుకోండి. అరగంట పని. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో నీళ్ళలో మునిగి చనిపోయినవారు 38 వేలకు పైగా ఉన్నారని సర్కారు లెక్క. ఆ అరగంట దండగ కాదు.

ఇంత చెప్పాక, "అమ్మో, అసలు నీళ్ళ జోలికే వద్దు" అంటారేమో! నేను చెప్పేది దానికి ఎదురు. భయం ఉన్నచోట తెలివి రాదు. మనకు ఈత రాదు గనక పిల్లలను నీళ్ళకు దూరంగా ఉంచుతాం. దూరంగా పెరిగిన పిల్లలు స్నేహితులతో కలిసి చెప్పకుండా వెళ్ళి, తెలియని చోట దిగుతారు. అందులోనూ మగపిల్లలకు ఎవరో ఒకరు ఈత నేర్పుతారు. ఆడపిల్లకు "నీకెందుకమ్మా?" అంటారు. నీళ్ళకు ఆడా మగా తేడా తెలుసా?

మన జంటనగరాల్లో మున్సిపల్ ఈత కొలనులు ఉన్నాయి. మీ పేటకు దగ్గరలో ఉన్నదానికి వెళ్ళి, ఆడవాళ్ళకు విడిగా వేళలున్నాయా, నేర్పే ఆడమనిషి ఉందా అని అడగండి. లేకపోతే ఓ పదిమంది కలిసి అర్జీ ఇవ్వండి. "ఈ వయసులోనా?" అంటారా? హైదరాబాదులో ఉండే గోలి శ్యామలగారి పేరు వినే ఉంటారు. ఆవిడ నలభై దాటాక ఈతకు దిగారు. 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటికి దాదాపు 30 కిలోమీటర్ల సముద్రాన్ని పద్నాలుగు గంటల లోపే ఈదేశారు.  అక్కడితో ఆగకుండా, విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా దాదాపు 150 కిలోమీటర్లు కొన్ని రోజుల పాటు ఈది 2025 జనవరిలో ముగించారు. మనం సముద్రాలు దాటనక్కరలేదు. కొలను ఈ గట్టునుంచి ఆ గట్టుకు వెళ్ళగలిగితే చాలు. అదీ కాకపోతే, వెల్లకిలా అయిదు నిమిషాలు తేలగలిగితే చాలు. అది చాలామంది కొద్ది వారాల్లోనే నేర్చుకుంటారు.

ఒక్కసారి తేలి చూడండి. చెవుల్లో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. కుక్కరు కూత లేదు, కాలింగ్ బెల్లు లేదు. నడుము నొప్పీ, మోకాళ్ళ నొప్పీ నీళ్ళు మోసేసుకుంటాయి. ఇంట్లో అందరి బరువులూ మోసే మనల్ని మోసేది ఈ లోకంలో ఒక్క నీరే కదా అనిపిస్తుంది.

ఈసారి యాత్రకు వెళ్ళినప్పుడు వాచీలు, కళ్ళజోళ్ళు ఒక సంచిలో వేసి, వంతు ప్రకారం మీ ఆయన చేతికిచ్చి, నీళ్ళ మనిషి చూపించిన చోట, నడుము లోతు దాటకుండా, మీ అమ్మాయి చెయ్యి పట్టుకుని దిగండి. తిరిగి వచ్చాక అత్తగారు అడిగితే నిజమే చెప్పవచ్చు. వీలైతే వచ్చేసారికి ఆవిడను కూడా తీసుకువెళ్ళండి.

సెలవు.